మేనిఫెస్టో రాసేవాళ్లకు ఒక విన్నపం: ‘అందరికీ’ అని రాయండి

మధ్యేవామ పార్టీల మేనిఫెస్టో కమిటీల్లో, విధాన విభాగాల్లో పనిచేస్తున్న మిత్రులకు నమస్కారం.

మీ పార్టీ పేరు ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది. ఒకచోట లేబర్, ఒకచోట సోషల్ డెమోక్రాట్లు, మరోచోట సోషలిస్టులు. పేరేదైనా మీరు చెప్పే మాట ఒక్కటే: మార్కెట్ ఉండొచ్చు గానీ, జబ్బు చేసినప్పుడూ, ముసలితనంలోనూ, ఉద్యోగం పోయినప్పుడూ మనిషి మార్కెట్ దయ మీద బతకకూడదు. ఆ మాట నమ్మినవాణ్ణి కాబట్టే ఇది రాస్తున్నాను. ఎన్నికలప్పుడు మీలాంటి పార్టీకి ఓటేసి, మిగతా రోజుల్లో ఆ పార్టీ తరఫున చుట్టుపక్కలవాళ్లతో వాదించే మనిషిని.

నేను అడగదలచుకున్నది చాలా చిన్నది. మీ ముఖ్యమైన హామీలను ‘అర్హులైన పేదలకు’ అని కాకుండా ‘అందరికీ’ అని రాయండి. దానికయ్యే ఖర్చు ఎవరి దగ్గర్నుంచి, ఏ పన్ను రూపంలో వస్తుందో కూడా అదే పేజీలో రాయండి. ఈ రెండూ కలిసిన చోట మీ పార్టీలు కట్టినవి తరాలపాటు నిలబడ్డాయి. రెంటిలో ఒకటి వదిలేసిన చోట తర్వాత వచ్చిన ప్రభుత్వం వాటిని పీకేసింది, లేదా మీరే పీకేశారు.

ఈ మధ్య బ్రిటన్‌లో జరిగింది చూడండి. చలికాలంలో ఇల్లు వెచ్చగా ఉంచుకోవడానికి పెన్షనర్లకు ఇచ్చే సాయాన్ని 1997లో లేబర్ ప్రభుత్వమే మొదలుపెట్టింది. కొన్నేళ్లుగా అది కుటుంబానికి ఏడాదికి 200 నుంచి 300 పౌండ్లు. మరీ పెద్ద మొత్తం కాదు గానీ, ఎక్కువమందికి అడక్కుండానే బ్యాంకు ఖాతాలో పడేది. 2024 జులైలో అదే లేబర్ పార్టీ, పద్నాలుగేళ్ల తర్వాత అధికారంలోకి వచ్చిన నెలలోపే, ఆ సాయాన్ని పెన్షన్ క్రెడిట్ లాంటి పేదల భృతులు తీసుకునేవాళ్లకే పరిమితం చేసింది. దాదాపు కోటిమందికి ఆగిపోయింది. ఖజానాకు ఏడాదికి 140 కోట్ల పౌండ్ల దాకా మిగులుతుందని లెక్క వేశారు.

ఆ నిర్ణయాన్ని కొంచెం దగ్గర్నుంచి చూడండి. ఒంటరిగా ఉండే పెన్షనర్‌కు ఆ ఏడాది పెన్షన్ క్రెడిట్ రావడానికి ఆదాయపు గీత మామూలుగా వారానికి 218 పౌండ్ల 15 పెన్నీలు. గీతకు కాస్త కింద ఉన్న ముసలాయనకు చలికాలపు సాయం వస్తుంది. ఒక్క పౌండు పైన ఉన్న పక్కింటాయనకు ఏమీ రాదు. ఇద్దరి ఇళ్లలో చలి ఒకటే, కరెంటు రేటు ఒకటే. గీతకు కిందున్న ఆయనకైనా తేలిగ్గా వచ్చిందా అంటే అదీ లేదు. పెన్షన్ క్రెడిట్ కోసం రెండు వందలకు పైగా ప్రశ్నలున్న ఫారం నింపాలి. అర్హత ఉండి కూడా దాన్ని తీసుకోని కుటుంబాలు 8.8 లక్షల దాకా ఉండొచ్చని ప్రభుత్వ అంచనాలే చెప్పాయి. అంటే, ఎవరి పేరు చెప్పి కోత పెట్టారో ఆ నిరుపేదల్లోనే లక్షలమంది గీతకు అవతల పడ్డారు.

2025 మేలో జరిగిన స్థానిక ఎన్నికల్లో లేబర్ గట్టి దెబ్బ తింది. ఇంటింటికీ తిరిగిన కార్యకర్తలు గడప గడపలో ఈ కోత గురించే విన్నామని చెప్పారు. జూన్ వచ్చేసరికి ప్రభుత్వం వెనక్కి తగ్గి, ఏడాదికి 35 వేల పౌండ్ల లోపు ఆదాయం ఉన్న పెన్షనర్లందరికీ సాయాన్ని తిరిగి ఇస్తామంది. మిగులుతుందనుకున్న డబ్బులో ఎక్కువ భాగం అలా పోయింది. పోయిన నమ్మకం మాత్రం తిరిగి రాలేదు. అప్పు చేసి పప్పుకూడు తినమని మిమ్మల్ని ఎవరూ అడగలేదు. ఖజానాలో డబ్బు లేకపోతే పన్నుల దగ్గర తేల్చుకోవాలి. పెద్దవాళ్ల చలిమంట దగ్గర తేల్చుకోవడం మీ పార్టీ స్వభావానికే విరుద్ధం.

దరఖాస్తుల సంగతి నాకు కొంత తెలుసు. ప్రభుత్వ సాయాలకు ఫారాలు నింపుకోలేనివాళ్లకు నింపిపెట్టే పని చాలాకాలంగా చేస్తున్నాను. ఒకసారి ఒక పెద్దావిడ వృద్ధాప్య భృతి కోసం వచ్చారు. ఆమెకు సొంత సంపాదన లేదు. ఫారంలో ‘కుటుంబ సభ్యుల ఆదాయం’ అనే గడి ఉంది. కొడుకు ఉన్నాడు, ఉద్యోగం ఉంది, కానీ తల్లితో మాట్లాడి ఏళ్లయింది. అతని ఆదాయ ధ్రువపత్రం, సంతకం తెస్తే గానీ ఫారం తీసుకోమని ఆఫీసులో చెప్పారు. ఆవిడ అంతా విని, ఫారాన్ని నాలుగు మడతలు పెట్టి, చీర కొంగులో ముడేసుకుని, ‘వాణ్ణి అడగలేను నాయనా’ అని వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు. ఆ ఏటి లెక్కల్లో ఆవిడ ఎక్కడా ఉండరు. తిరస్కరించిన దరఖాస్తుల్లోనూ ఉండరు, ఎందుకంటే అసలు దరఖాస్తే పడలేదు. వడపోత బాగా పనిచేస్తోందని చూపించే నివేదికలు మీ బల్ల మీదికి వచ్చినప్పుడు ఇలాంటివాళ్లు వాటిలో కనబడరన్న సంగతి గుర్తుంచుకోండి.

‘కోటీశ్వరుడికి కూడా ఎందుకు ఇవ్వాలి?’ అని మీలోనే చాలామంది అడుగుతారు. నిజాయితీగా అడిగే ప్రశ్నే. పేదల మీద ప్రేమతోనే అడుగుతారు. నా జవాబు ఇది. కోటీశ్వరుణ్ణి గుర్తుపట్టాల్సిన చోటు పన్నుల కార్యాలయం. అతని ఆదాయం లెక్కలు అక్కడ ఎలాగూ ఉంటాయి, ఇచ్చిన దానికి పదింతలు అక్కడే వసూలు చేయొచ్చు. అతణ్ణి ఆసుపత్రి గుమ్మం దగ్గరో పిల్లల భృతి కిటికీ దగ్గరో పట్టుకోవాలని చూస్తే, వందలో ఒక్కడున్న ఆ కోటీశ్వరుడి కోసం మిగతా తొంభైతొమ్మిది మంది తమ పేదరికాన్ని కాగితాల మీద రుజువు చేసుకోవాలి. ఆ రుజువులు అడిగే ఉద్యోగులు కావాలి, వాటిని మళ్లీ తనిఖీ చేసేవాళ్లు కావాలి, తప్పు పడితే అప్పీలు వినేవాళ్లు కావాలి. అన్నిటికీ డబ్బే.

అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటుంది. పేదలకు మాత్రమే అని గీసిన ప్రతి గీతకూ అవతల, దానికి దగ్గర్లోనే, చిన్న ఉద్యోగి, చిన్న వ్యాపారి, కాంట్రాక్ట్ కార్మికుడు ఉంటారు. వాళ్లు పన్ను కడతారు, తిరిగి ఏమీ రాదు. కొన్నేళ్లకు వాళ్ల కోపం పెద్ద ధనవంతుల మీదికి మళ్లదు, పక్కింటి పేదవాడి మీదికి మళ్లుతుంది. ఆ కోపాన్ని ఓట్లుగా మార్చుకోవడం ఎలాగో మీ ప్రత్యర్థులకు బాగా తెలుసు. గీత గీసి ఆ అవకాశాన్ని వాళ్ల చేతిలో పెట్టింది మాత్రం మీరే.

స్వీడన్ సోషల్ డెమోక్రాట్లు దీన్ని తొందరగా గ్రహించారు. 1940లలో అక్కడ ఆదాయంతో పని లేకుండా వయసు మళ్లిన అందరికీ ఒకే పెన్షన్, పిల్లలున్న అందరికీ ఒకే భృతి వచ్చాయి. తర్వాత ఒక చిక్కు వచ్చింది. అందరికీ ఒకేలా ఇచ్చే చిన్న పెన్షన్ కార్మికుడికి ఆసరా అయింది గానీ, ఆఫీసు ఉద్యోగికి చాల్లేదు. అతను ప్రైవేటు పెన్షన్ వైపు చూడటం మొదలుపెట్టాడు. అతను అటు వెళ్లిపోతే, రేపు ప్రభుత్వ పెన్షన్ కోసం పన్ను కట్టమంటే ఎందుకు కట్టాలని అడుగుతాడు. అందుకని జీతాన్ని బట్టి పెరిగే రెండో పెన్షన్‌ను ప్రభుత్వమే ఇవ్వాలని పార్టీ పట్టుబట్టింది. దాని మీద 1957లో రెఫరెండం జరిగింది, 1958లో మధ్యంతర ఎన్నికలు జరిగాయి. 1959లో పార్లమెంటు దిగువ సభలో 115 ఓట్లు అనుకూలం, 114 వ్యతిరేకం. ప్రతిపక్షంలోని లిబరల్ సభ్యుడు ఒకరు ఓటేయకుండా ఉండటంతో బిల్లు గట్టెక్కింది. ఒక్క ఓటుతో గెలిచిన ఆ చట్టాన్ని దశాబ్దాలపాటు ఎవరూ తిరగదోడలేకపోయారు. మధ్యతరగతి పెన్షనూ కార్మికుడి పెన్షనూ ఒకే గొడుగు కిందికి రావడమే అందుకు కారణం. 1932 నుంచి 1976 దాకా ఆ పార్టీ దాదాపు ఏకధాటిగా అధికారంలో ఉండటంలో దీని పాత్ర చిన్నదేమీ కాదు.

స్వీడన్‌కే చెందిన వాల్టర్ కోర్పి, యోకిమ్ పాల్మే అనే ఇద్దరు పరిశోధకులు 1998లో కొన్ని సంపన్న దేశాలను పోల్చి చూశారు. సాయాన్ని పేదలకే గురిపెట్టిన దేశాల్లో అసమానత తక్కువగానే తగ్గింది. అందరికీ ఇచ్చిన దేశాల్లో ఎక్కువ తగ్గింది. పేదలకు మాత్రమే ఇచ్చే పథకానికి బడ్జెట్‌లో కేటాయింపు రానురానూ చిక్కిపోవడమే కారణమని వాళ్ల విశ్లేషణ. తర్వాతి పరిశోధనల్లో ఈ సంబంధం అంత బలంగా కనిపించలేదన్నదీ నిజమే, దాన్ని దాచను. గురి చూసి ఇచ్చినా, దండిగా ఇచ్చిన దేశాలు ఉన్నాయి. కానీ మీ ప్రత్యర్థులు గెలిచిన మర్నాడు ఏ పథకం మీద చేయి వేయడానికి భయపడతారు, దేని మీద భయపడరు అని మీరే ఆలోచించి చూడండి.

బ్రిటన్‌లోనే ఇంకో ఉదాహరణ ఉంది. 1948 జులై 5న అందరికీ ఉచిత వైద్యం ఇచ్చే జాతీయ ఆరోగ్య సేవ మొదలైంది. లేబర్ తెచ్చిన ఆ బిల్లుకు ప్రత్యర్థులైన కన్సర్వేటివ్‌లు పార్లమెంటులో వ్యతిరేకంగా ఓటేశారు. మూడేళ్లకు అధికారంలోకి వచ్చారు, అయినా దాన్ని తీసేయలేదు. తీసేయలేకపోయారు అనడం సరైనది. అప్పటికే డాక్టరు దగ్గర బ్యాంకు మేనేజరూ గనికార్మికుడూ పక్కపక్కన కూర్చుంటున్నారు. ఆ ఉచితాన్ని మొదట తగ్గించింది మీ పార్టీయే. 1951లో కొరియా యుద్ధం ఖర్చుల ఒత్తిడిలో లేబర్ ఆర్థిక మంత్రి హ్యూ గైట్‌స్కెల్ కట్టుడు పళ్లకూ కళ్లజోళ్లకూ సగం డబ్బు తీసుకోవాలని పెట్టారు. ఆరోగ్య సేవను నిర్మించిన అన్యూరిన్ బెవన్ దానికి నిరసనగా మంత్రి పదవి వదిలేశారు. కళ్లజోడు కోసం పదవి వదులుకోవడం అప్పట్లో చాలామందికి అతిగా అనిపించింది. నాకు అలా అనిపించదు. ఒకసారి బీట పడితే తర్వాత వచ్చేవాడికి దారి దొరుకుతుందని ఆయన గ్రహించారు. ఆ ఏడాది అక్టోబర్‌లోనే పార్టీ అధికారం పోగొట్టుకుంది.

జర్మనీ సోషల్ డెమోక్రాట్ల అనుభవం మరీ బాధాకరం. 1998లో 40.9 శాతం ఓట్లతో గెలిచారు. అప్పటి పద్ధతిలో ఉద్యోగం పోయి చాలాకాలం దొరకనివాడికి పాత జీతాన్ని బట్టి సాయం వచ్చేది. 2005 జనవరి నుంచి దాన్ని తీసేసి, పేదల భృతితో కలిపేసి, అందరికీ ఒకే చిన్న మొత్తం పెట్టారు. అదీ ఇంట్లో ఉన్న ఆస్తి, పొదుపు, భార్య ఆదాయం అన్నీ లెక్క చూశాకే. ముప్ఫై ఏళ్లు ఫ్యాక్టరీలో పనిచేసి బీమా చందా కట్టిన మనిషికి, ఉద్యోగం పోయిన కొంతకాలానికి, ఎన్నడూ చందా కట్టని మనిషికి వచ్చేదే చేతికొచ్చింది. పైగా దాచుకున్నది ముందు ఖర్చుపెట్టుకోమన్నారు. ఆ తర్వాతి ఏళ్లలో నిరుద్యోగం తగ్గిన మాట వాస్తవం. అది ఈ మార్పు వల్లే ఎంత తగ్గింది అన్నదాని మీద ఆర్థికవేత్తలు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. పార్టీకి ఏమైందో మాత్రం వాదన అక్కర్లేదు. 2009లో ఓట్లు 23 శాతానికి పడిపోయాయి. పార్టీ కోసం ఏళ్లతరబడి గోడల మీద పోస్టర్లు అంటించిన యూనియన్ కార్యకర్తలు కొందరు విడిపోయి వేరే వామపక్ష పార్టీలో చేరిపోయారు.

అదే పార్టీ 2021లో కనీస వేతనం గంటకు 12 యూరోలు చేస్తామని, కష్టపడే ప్రతి మనిషికీ గౌరవం అనే నినాదంతో వెళ్లి 25.7 శాతం ఓట్లతో మొదటి స్థానంలో నిలిచింది. 2022 అక్టోబర్‌లో ఆ మాట నిలబెట్టుకుంది కూడా. కనీస వేతనానికి ఫారం ఉండదు, ఆదాయ ధ్రువపత్రం ఉండదు. ఆ దేశంలో పనిచేసేవాళ్లకు దాదాపు అందరికీ వర్తిస్తుంది. 2025లో ఓట్లు మళ్లీ 16.4 శాతానికి జారిపోయాయి. దానికి కారణాలు వేరే చాలా ఉన్నాయి, ఒక్క మంచి హామీతో పార్టీ బతికిపోతుందని నేను అనడం లేదు.

ఇప్పుడు డబ్బు సంగతి. ఇక్కడే మీ పత్రాలు అన్నిటికన్నా బలహీనంగా ఉంటున్నాయి. హామీల పేజీలు ధైర్యంగా ఉంటాయి, ఖర్చుల పేజీ భయంభయంగా ఉంటుంది. ‘పన్ను ఎగవేతలు అరికడతాం, వృథా తగ్గిస్తాం, వృద్ధి పెంచుతాం’ అని మూడు ముక్కలు రాసి ముగిస్తారు. 2024లో బ్రిటన్ లేబర్ పార్టీ ఆదాయపు పన్ను, జాతీయ బీమా చందా, వ్యాట్ పెంచబోమని ముందే మాటిచ్చింది. ప్రభుత్వ రాబడిలో అతి పెద్ద భాగం తెచ్చే మూడు పన్నులకూ అలా తాళం వేసుకుని అధికారంలోకి వచ్చింది. అక్టోబర్ బడ్జెట్‌లో యజమానులు కట్టే బీమా చందాను 13.8 నుంచి 15 శాతానికి పెంచాల్సి వచ్చినప్పుడు, మాట తప్పారా లేదా అన్నదే చర్చ అయింది. ఆసుపత్రుల కోసం ఆ డబ్బు ఎందుకు కావాలో చెప్పే అవకాశం అందులో కొట్టుకుపోయింది. చలికాలపు సాయం కోత కూడా అదే తాళం నుంచి పుట్టిందని నా నమ్మకం.

ధనవంతుల మీద పన్ను వేస్తే అన్నీ తీరిపోతాయని కార్యకర్తల సభల్లో చెప్పడం తేలిక. వేయాలి, గట్టిగానే వేయాలి. కానీ మీరు ఆదర్శంగా చూపించే స్వీడన్, డెన్మార్క్, నార్వేల్లో వ్యాట్ సాధారణ రేటు 25 శాతం. అక్కడ సంక్షేమానికి డబ్బు కట్టేది మధ్యతరగతి కూడా, కార్మికుడు కూడా. ఇంత కట్టినా వాళ్లు తట్టుకుంటున్నారంటే, బడి, ఆసుపత్రి, డేకేర్, పెన్షన్ రూపంలో అది తమ ఇంటికి తిరిగి రావడం కళ్లారా చూస్తున్నారు కాబట్టే. ‘అందరికీ’ అన్న మాట లేకపోతే ‘అందరూ కట్టండి’ అనే హక్కు మీకు ఉండదు. ఈ రెంటినీ విడదీయొద్దని అడగడానికి కారణం ఇదే.

ఆస్ట్రేలియా లేబర్ పార్టీ దీన్ని సూటిగా చేసింది. అక్కడ అందరికీ ఆరోగ్య బీమా 1975లో ఒకసారి మొదలై, ప్రభుత్వం మారాక కొన్నేళ్లలోనే ముక్కలైపోయింది. 1984 ఫిబ్రవరిలో మెడికేర్ పేరుతో మళ్లీ తెచ్చినప్పుడు, ఆదాయం మీద ఒక శాతం లెవీని, అంటే ప్రత్యేక పన్నును, దాని పేరుతోనే పెట్టారు. దాంతోనే మొత్తం ఖర్చు వెళ్లదు. అయినా తను కట్టింది దేనికో ప్రతి మనిషికీ పన్ను కాగితం మీద కనబడుతుంది. దాన్ని ఏళ్ల తరబడి వ్యతిరేకించిన ప్రత్యర్థులే 1996 ఎన్నికలకు వచ్చేసరికి మెడికేర్‌ను కొనసాగిస్తామని హామీ ఇచ్చి గెలిచారు.

దీనికి సరిగ్గా ఎదురు ఉదాహరణ అమెరికాది. 2021లో డెమోక్రాట్లు పిల్లల పన్ను రాయితీని పెంచి, బాగా ఎక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు తప్ప దాదాపు అన్ని కుటుంబాలకూ జులై నుంచి డిసెంబర్ దాకా నెలనెలా ఇచ్చారు. చిన్నపిల్లకు నెలకు 300 డాలర్లు, కాస్త పెద్ద పిల్లలకు 250. ఉద్యోగం లేని తల్లికీ వచ్చింది. ప్రభుత్వ సాయాలను కలిపి లెక్కగట్టే కొలమానంలో పిల్లల పేదరికం ఆ ఏడాది 5.2 శాతానికి దిగింది. మరుసటి ఏడాది 12.4 శాతానికి ఎగబాకింది, ఎందుకంటే చట్టంలోనే గడువు తేదీ రాసి పెట్టారు, తర్వాత పొడిగించడానికి సెనెట్‌లో ఓట్లు చాల్లేదు. శాశ్వతంగా నడపడానికి ఏ పన్ను అన్నది ముందు తేల్చుకోలేదు కాబట్టి తాత్కాలికంగా పెట్టారు. ఆరు నెలలు డబ్బు అందుకుని, జనవరిలో ఖాతా చూసుకుంటే ఏమీ లేని తల్లి స్థానంలో ఉండి ఆలోచించండి. ఆశ చూపించి లాక్కోవడం అసలు ఇవ్వకపోవడం కన్నా ఎక్కువ గాయం చేస్తుంది.

అందరికీ అని రాసినంత మాత్రాన అందరికీ అందదు. ఆ సంగతి కూడా మీ పత్రంలో ఉండాలి. భారతదేశంలో 2005లో వచ్చిన గ్రామీణ ఉపాధి హామీ చట్టం, వచ్చినప్పటి రూపంలో, రాత పరంగా చాలా గట్టిది. పేదవాడివా కాదా అని ఎవరూ అడిగేవారు కాదు. పల్లెలో ఉండే వయోజనులు ఎవరైనా, శారీరక శ్రమకు సిద్ధమైతే, పని అడిగే వీలుండేది. కుటుంబానికి ఏడాదికి 100 రోజులు. అడిగినప్పుడు తేదీ వేసిన రసీదు ఇవ్వాల్సి ఉండేది. 15 రోజుల్లో పని చూపించకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాల్సి ఉండేది: మొదటి 30 రోజులు వేతనంలో కనీసం నాలుగో వంతు, ఆ తర్వాత కనీసం సగం. ఇంత వివరంగా రాసిన సంక్షేమ హక్కులు ప్రపంచంలోనే అరుదు.

కానీ చాలాచోట్ల ఆ రసీదే ఇచ్చేవారు కాదు. రసీదు లేకపోతే పని ఎప్పుడు అడిగారో రుజువు ఉండదు, పదిహేను రోజుల లెక్క మొదలవదు, భృతి ప్రశ్నే రాదు. చట్టం మొత్తం ఆ చిన్న కాగితం ముక్క మీద ఆధారపడింది. అందుకే రసీదు ఎవరివ్వాలి, ఇవ్వకపోతే ఏ అధికారి జీతంలోంచి ఎంత కోస్తారు, ఫిర్యాదు ఎన్ని రోజుల్లో తేల్చాలి అన్నవి మీ విధాన పత్రంలో హామీతో సమానమైన అక్షరాల్లో ఉండాలని కోరుతున్నాను. ‘అమలు మార్గదర్శకాలు తర్వాత విడుదల చేస్తాం’ అనే వాక్యం దయచేసి రాయకండి. పేదవాడి హక్కు చాలాసార్లు ఆ వాక్యంలోనే పోతుంది.

కెనడాలోని క్విబెక్ ప్రావిన్స్‌లో పార్టీ క్విబెక్వా ప్రభుత్వం 1997లో రోజుకు 5 డాలర్లకే డేకేర్ మొదలుపెట్టినప్పుడు ఇంకో రకం లోటు కనిపించింది. రేటు అందరికీ ఒకటే, కానీ సీట్లు చాల్లేదు. వెయిటింగ్ లిస్టులు పెరిగాయి, కేంద్రాల నాణ్యత ఒక్కోచోట ఒక్కోలా ఉంది. అయినా తల్లులు పెద్దసంఖ్యలో ఉద్యోగాల్లోకి రాగలిగారు. 2015లో వేరే ప్రభుత్వం ఆదాయాన్ని బట్టి ఫీజు పెంచే పద్ధతి పెట్టింది. నాలుగేళ్లకు, మధ్యే మితవాద ప్రభుత్వమే వచ్చి దాన్ని రద్దు చేసి అందరికీ ఒకే రేటుకు తిరిగి తెచ్చింది. మీ ప్రత్యర్థులు మీ విధానాన్ని బాగుచేసి నడిపే రోజు వస్తే అదే మీ అసలు గెలుపు. సీట్లు సరిపడా కట్టాక ప్రకటించి ఉంటే ఇంకా బాగుండేది.

అందరికీ అంటే అందరి బతుకులూ ఒకేలా ఉన్నాయని అర్థం కాదు. డెన్మార్క్ సోషల్ డెమోక్రాట్లు 2020లో చేసిన ముందస్తు రిటైర్మెంట్ చట్టం నాకు చాలా నచ్చింది. ఆర్నే అనే ఒక కార్మికుడి పేరు మీద జనం దాన్ని ‘ఆర్నే పెన్షన్’ అంటారు. చిన్న వయసులోనే పనిలో దిగి నాలుగు దశాబ్దాలు దాటి కష్టపడ్డవాళ్లు మిగతావాళ్ల కంటే ముందే రిటైర్ కావొచ్చు. నడుం అరిగిపోయిందని డాక్టరు సర్టిఫికెట్ తేనక్కర్లేదు, పనిచేసిన ఏళ్ల లెక్క చాలు. ఒళ్లు గుల్ల చేసుకున్న కార్మికుణ్ణి మళ్లీ ఒక బోర్డు ముందు నిలబెట్టి పరీక్షించకుండా న్యాయం చేయడం సాధ్యమేనని ఇది చూపించింది. వలసల విషయంలో ఆ పార్టీ తీసుకున్న కఠిన వైఖరితో నేను ఏకీభవించను. అది మరో ఉత్తరానికి సరిపడా విషయం.

పన్ను వసూళ్లు తక్కువగా ఉండే దేశాల్లో ఇవన్నీ ఒకేసారి సాధ్యం కావని నాకు తెలుసు. అక్కడ మీరు పది పథకాలను పేదలకు తలా కాస్త పంచడం కన్నా, ఒక్కటి తీసుకుని అందరికీ పూర్తిగా ఇవ్వడం మేలు. నన్నడిగితే పిల్లల వైద్యంతో, లేదా ముసలితనపు పెన్షన్‌తో మొదలుపెట్టమంటాను. వయసు చూస్తే చాలు, ఆస్తులు చూడక్కర్లేదు. దొంగలెక్కలకు చోటు తక్కువ. పదేళ్లు నిలబడితే రెండోదానికి పన్ను అడిగే ధైర్యం మీకు వస్తుంది, కట్టే ఓపిక జనానికి వస్తుంది.

నా అభ్యర్థన మరోసారి స్పష్టంగా పెడుతున్నాను. మీ తర్వాతి మేనిఫెస్టో ముసాయిదాను ఎన్నికల ముందు రోజు విడుదల చేయకుండా కనీసం ఆరు నెలల ముందు జనం ముందు పెట్టండి. అందులో ప్రతి ప్రధాన హామీ పక్కన ఇది అందరికా, కొందరికా అన్నది రాయండి. కొందరికే అయితే ఆ గీత ఎక్కడ, ఎందుకక్కడ, గీతకు కొద్దిగా అవతల ఉన్న మనిషికి మీరేం చెబుతారో రాయండి. ఏటా ఎంత ఖర్చు, ఏ పన్ను, ఎవరి మీద ఎంత అన్నది మామూలు మనిషికి అర్థమయ్యే లెక్కలో రాయండి. దరఖాస్తు ఫారం ఉంటే ఆ ఫారం నమూనాను కూడా ముసాయిదాకు జతచేయండి. దాన్ని మీ కమిటీలో ఉన్నవాళ్లు ఎవరి సాయమూ లేకుండా ముందు నింపి చూడండి. తర్వాత బహిరంగ సభ పెట్టి, వేదిక మీద నాయకుల కుర్చీలు తగ్గించి, ఫారాలతో తిరిగి తిరిగి విసిగిపోయినవాళ్లకు మైకు ఇవ్వండి. ఆ సభకు పిలిస్తే నేను వస్తాను. నాతో పాటు ఇంకా కొందరిని తీసుకొస్తాను. వాళ్లు అడిగే ప్రశ్నలకు మీ ఆర్థిక విభాగం వాళ్లు అక్కడికక్కడే జవాబు చెప్పేలా ఏర్పాటు చేయండి.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,

మీ పార్టీ మీద ఇంకా ఆశ వదులుకోని ఒక ఓటరు